పన్నెండు పేర్ల మనిషి

"మీకు ఉంగుటూరులో కోళ్ళఫారం ఉంది కదండీ?" అని బ్యాంకు ఆఫీసరు అడిగితే వీరమణికి ముందు నవ్వొచ్చింది.

"కోళ్ళఫారమా? మా ఇంట్లో అట్టు మీదకి గుడ్డు కావాలన్నా కొట్టుకెళ్ళి తెచ్చుకోవాలండి. ఇంకెవరిదో చూసి చెప్తన్నట్టున్నారు."

ఆఫీసరు నవ్వలేదు. తెర మీద ఉన్నది ఉన్నట్టు చదువుతూ పోయాడు. ఫారం అప్పు కట్టడం మానేశారు. అమలాపురంలో కొన్న స్కూటరుకి ఏడు వాయిదాలు బాకీ. పోయిన మార్చి నాలుగున పది గంటలకి పాలకొల్లులో గిన్నెలో చెయ్యి పెట్టారు, పదీ అయిదుకి విజయవాడలో పెట్టారు.

"అయిదు నిమిషాల్లో పాలకొల్లు నించి విజయవాడ ఎలా వెళ్ళారండీ? అందుకే మోసం అనుమానం అని ఎర్రగీత పడింది."

"వెళ్ళలేదండి బాబూ! వెళ్ళలేదు కాబట్టే మీకు లెక్క తేలట్లేదు. ఆ రోజు నేను నరసాపురంలో మా ఇంటి అరుగు మీద కూచుని లేసు అతుకుతున్నాను."

"గిన్నె తప్పు చెప్పదండీ," అన్నాడు ఆఫీసరు, జాలిగానే.

గిన్నె అంటే వంటింట్లోది కాదు. ప్రతి బ్యాంకులో, ప్రతి కొట్టులో, ఆఖరికి బస్సులో కండక్టరు మెడకి కూడా వేలాడే గుండ్రటి యంత్రం. దాని అసలు పేరు చేతిలయ. అందులో చెయ్యి పెట్టి పన్నెండు అంకెలు లెక్కపెట్టేలోగా, మన వేళ్ళు మనకే తెలియకుండా ఆడే సన్నని ఆటని, నరాల్లో నడిచే తాళాన్ని పట్టేసుకుంటుంది. ఏ ఇద్దరి చేతి తాళమూ ఒకటి కాదని దాన్ని కనిపెట్టినవాళ్ళు తేల్చారు. అంట్లు తోమీ, వలలు లాగీ వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళకి రేషను కూడా దక్కని రోజుల్లో వచ్చింది కనుక జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. వీరమణి కూడా మురిసిపోయింది. లేసుదారం ఆవిడ వేలిగీతల్ని ఏనాడో కోసేసింది మరి.

ఇప్పుడా గిన్నే ఆవిడ నోట్లో మట్టి కొడుతోంది.

పెచ్చెట్టి వీరమణికి అప్పు కావలసింది ఇంటి కోసం. రెండు గదులూ, ముందు పొడుగాటి అరుగూ. ఇరవై రెండేళ్ళుగా అందులోనే అద్దెకుంటోంది. ఇంటాయన అమ్మేస్తానన్నాడు, పాత మనిషివి కదా, కార్తీక పౌర్ణమి దాకా నీకోసం ఆగుతాను, ఆ తర్వాత నా చేతిలో లేదు అన్నాడు. కొనడానికి కాచుకుని ఉన్నవాడు లారీల వ్యాపారి. అరుగు కొట్టేసి షెడ్డు వేస్తాడట. ఆ అరుగు మీద రోజూ పదిమందికి పైగా ఆడవాళ్ళు కూచుని లేసు అతుకుతారు. అది పోతే వాళ్ళు ఎవరి దారిన వాళ్ళు కూలికి పోవాలి. వీరమణికి ఆ ఇల్లంటే ఆ అరుగే.

"ఇంకో సంగతండీ," అని ఆఫీసరు తెరని ఆవిడ వైపు తిప్పాడు. "మీరు వాడే మారుపేర్లట ఇవి."

వీరమణి చదివింది. మెరుగుమాల అచ్చమాంబ. కంభం జ్ఞానమణి. బళ్ళ సత్యవేణి. ఇలా పదకొండు పేర్లు. అన్నీ ఆవిడ అరుగు మీద కూచునేవాళ్ళవి, ఒకటి తప్ప. ఆ ఒకటి కడలి ఎస్తేరు. ఆరేళ్ళ కిందట చెప్పాపెట్టకుండా అరుగు వదిలి వెళ్ళిపోయిన ఎస్తేరు. కింద ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: పన్నెండు పేర్లతో తిరుగుతున్న ఒకే మనిషి.

"ఒరి దీని దుంపతెగా!" అంది వీరమణి, బ్యాంకన్న సంగతి కూడా మరిచిపోయి.

గిన్నెలు తయారుచేసే సంస్థకి ఫిర్యాదు పెట్టింది. వారానికి జవాబొచ్చింది: సరిచూశాం. సరిగానే ఉంది. మళ్ళీ పెట్టింది. అదే జవాబు. మూడోసారి ఫోను చేసి, ఎలా సరిచూశారో చెప్పమని నిలదీసింది.

"రికార్డులో ఉన్న మీ చేతిలయని మళ్ళీ యంత్రానికే చూపించాం మేడమ్. ఒకే మనిషని చెప్పింది," అంది అవతలి పిల్ల, చదివి వినిపిస్తున్నట్టు.

"అంటే అబద్ధమాడిన నోటినే మళ్ళీ అడిగి నిజమని రాసుకున్నారన్నమాట! బాగుందమ్మా మీ సరిచూడ్డం!"

అవతల ఫోను పెట్టేశారు. అరుగు మీదవాళ్ళెవరికీ కోళ్ళఫారం లేదు, ఉంటే ఎస్తేరుకే ఉండాలి అనుకుంది వీరమణి. మర్నాడే ఉంగుటూరు బస్సెక్కింది.

ఎస్తేరు ఇల్లు వెతకడం కష్టం కాలేదు. ఊరి చివర రెండు పొడుగాటి షెడ్లు, ఒక్క కోడి లేకుండా బోసిపోయి ఉన్నాయి. గుమ్మంలో నించున్న ఎస్తేరు, వీరమణిని చూడగానే కొంగు బిగించింది.

"రావే రా! నా పేరున స్కూటరు కొనుక్కుని ఊరేగుతున్నావంట, ఏదీ, దానిమీదే వచ్చావా?"

"నోర్ముయ్యవే! నువ్వు కోళ్ళు పెంచి నా నెత్తిన పెట్టలేదా? నా ఇల్లు పోతోంది నీ మూలంగా!"

ఇద్దరూ పావుగంట అరుచుకున్నారు. పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. అరిచి అరిచి నోరెండిపోయాక ఎస్తేరే లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. బ్యాంకువాళ్ళిచ్చిన తన రిపోర్టు కూడా తెచ్చి పడేసింది. అందులోనూ అవే అప్పులు, అవే పేర్లు. కోళ్ళకి తెగులొచ్చి నాలుగు రోజుల్లో ఫారమంతా తుడిచిపెట్టుకుపోయిందనీ, కొంత గడువిస్తే కడతానని ఎంత మొత్తుకున్నా, ఇంకో పదకొండు పేర్లతో మోసం చేస్తున్న మనిషికి గడువేంటన్నారనీ చెప్పి, ఎస్తేరు ఏడ్చేసింది. వీరమణికి కోపమంతా నీరుగారిపోయింది.

"స్కూటరు మన జ్ఞానమణి కొడుక్కి కొనిచ్చింది. ఇన్నాళ్ళూ నువ్వు నన్ను దొంగననుకున్నావా?"

"నువ్వు నన్ననుకోలేదా?"

అనుకుంది. కాదనడానికి ముఖం చెల్లలేదు.

"సరే, మన పన్నెండు మందినీ ఒకటే చేసేసింది గదా ఈ మాయదారి గిన్నె. మనలో ఏముందని?" అంది ఎస్తేరు.

వీరమణి ఎస్తేరు చేతుల వంక చూస్తోంది. మాట్లాడుతూనే ఎస్తేరు కుడిచేతి బొటనవేలు చూపుడువేలి పక్కన ఆడుతోంది: రెండు లాగి ఒకటి వదులు, రెండు లాగి ఒకటి వదులు. వీరమణి తన ఒళ్ళోకి చూసుకుంది. అక్కడ తన వేళ్ళు కూడా అదే ఆడుతున్నాయి, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా.

"సంతోషమ్మగారే," అంది వీరమణి.

లేసుపనిలో అతుకుపని వేరు. పువ్వులు ఎవరెవరో ఇళ్ళల్లో అల్లి పంపుతారు. వాటిని కలిపి పెద్ద బల్లగుడ్డ చేసేది అతుకువాళ్ళు. అరుగు మీద అందరికీ గురువైన సంతోషమ్మ నేర్పినది ఎదురతుకు. గుడ్డకి ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ ఎదురెదురుగా కూచుని అతుక్కుంటూ నడుముకి రావాలి. ఇద్దరి చేతి బిగువు ఒక్కటి కాకపోతే మధ్యలో గుడ్డ ముడతపడుతుంది. ముడతపడితే సరుకు వెనక్కొస్తుంది. అందుకని ఆవిడ కొత్తగా వచ్చిన పిల్ల చేతి మీద తన చెయ్యి వేసి, నెలల తరబడి రెండు లాగి ఒకటి వదులు అని చెవిలో చెప్తూ కూచునేది. మీ ఇద్దరి చేతులూ ఒకటయ్యాయే, ఇక మీకు భయం లేదు అనేది. అరుగు మీద పన్నెండు మందిలో ఎవరికెవరు ఎదురు కూచున్నా ముడత పడదు. ఎగుమతి వ్యాపారులు నరసాపురం వెతుక్కుంటూ వచ్చేది అందుకే. పదహారేళ్ళు కష్టపడి ఒక్క చెయ్యి సంపాదించుకున్నారు. ఏ ఇద్దరి చేతి తాళమూ ఒకటి కాదని తేల్చినవాళ్ళు నరసాపురం అరుగు మీదకి ఎప్పుడూ రాలేదు, అంతే.

ఫారం అప్పు తనదేననీ, వీరమణికి దానితో సంబంధం లేదనీ ఎస్తేరు అక్కడికక్కడే కాగితం రాసిచ్చింది. వీరమణి దాన్ని పంపింది. జవాబొచ్చింది: ఒకే వ్యక్తి తనకి తాను రాసుకున్న సాక్ష్యం చెల్లదు. అయితే ఈసారి కింద ఇంకో మాట కూడా ఉంది. మీ చేతిలయలోని లోపాన్ని సవరించుకోవడానికి విశాఖపట్నంలోని ప్రయోగశాలకి రాగలరు. ఖర్చు మాది.

లోపం తన చేతిదా! వీరమణి ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివింది. అయినా వెళ్ళింది. పౌర్ణమికి ఇంకా నెలన్నర ఉంది.

ప్రయోగశాల సముద్రానికి ఎదురుగా కొండమీద ఉంది. డాక్టర్ మహిత ముప్పై అయిదేళ్ళ మనిషి, సన్నగా, మాట్లాడేముందు ఒక క్షణం ఆగే అలవాటుంది. గిన్నెని తయారుచేసినవాళ్ళలో ఆవిడ ఒకరు. బల్లమీద ఒక నల్లటి చేతితొడుగు పెట్టి చెప్పింది.

"ఇది వేసుకుంటే సన్నటి కరెంటు మీ వేళ్ళకి కొత్త తాళం నేర్పుతుంది వీరమణి గారూ. రోజుకి రెండు గంటలు, పదహారు రోజులు. ఆ తర్వాత మీ చెయ్యి ప్రపంచంలో ఇంకెవరితోనూ కలవదు. మీకు మచ్చలేని కొత్త రిపోర్టు వస్తుంది."

"మరి నా అతుకుపనో?"

మహిత ఒక క్షణం ఆగింది. "కొంత ఇబ్బంది ఉండొచ్చు."

ఆ కొంత ఎంతో వీరమణికి బయటి గదిలో తెలిసింది. అక్కడ పామర్తి లక్ష్మణస్వామి అనే పెద్దాయన పరీక్షల కోసం వచ్చి కూచున్నాడు. పెడనలో కలంకారీ అచ్చులు వేసే మనిషి. ఆయనకీ తమ్ముడికీ చేతులు కలిశాయని గిన్నె ఎర్రగీత పెడితే, ఆర్నెల్ల కిందట తొడుగు వేసుకున్నాడు.

"రిపోర్టు అద్దంలా ఉందమ్మా ఇప్పుడు," అన్నాడాయన. "అప్పు పుట్టింది. కొత్త బల్లలు కొన్నాను. ఏం లాభం? ఆ బల్లమీద అచ్చు వేస్తే పువ్వు మీద పువ్వు పడట్లేదు. యాభై ఏళ్ళ చెయ్యమ్మా. అన్నం కలుపుకుంటుంటే కూడా ఎవరి చెయ్యో నా కంచంలో పెట్టినట్టుంటోంది."

ఆయన చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని ఉన్నాయి. వీరమణి లేచి వాటిని సరిగ్గా పెట్టింది. పెడుతుంటే ఏడుపొచ్చింది, దాని వెనకే ఒళ్ళుమండిపోయింది.

ఆలోచించుకుంటానని చెప్పి ఇంటికొచ్చింది. మొగుడు సూరిబాబు పడవలు కట్టే రేవులో వడ్రంగి. మధ్యాహ్నం అన్నానికొచ్చి, విషయం విని, కంచం ముందు కూచునే తేల్చేశాడు.

"వేయించేసుకో. చెయ్యేమన్నా తెగిపోద్దా? ఇల్లుంటే చాలు. అతుకుపని మానేసి సుఖంగా కూచో."

"ఎక్కడ కూచోమంటారు? అరుగు మీదేనా? పదిమంది పని చేసుకుంటుంటే నేను మీ మొహం చూస్తా కూచోనా?"

"నా మొహానికేమైందే?"

"చాలా బాగుంది. అందుకే రోజంతా చూళ్ళేను." ఆవిడ అన్నం వడ్డించింది. తర్వాత గొంతు మారింది. "మీ ఉలి తీసేసుకుని, పేరు మాత్రం వడ్రంగనే ఉంచుతామంటే ఊరుకుంటారా మీరు? తప్పు వాళ్ళ కాగితంలో ఉంటే నా చెయ్యి దిద్దుతారంట! దిద్దవలసింది కాగితాన్ని. నేను ఒప్పుకోను."

"ఒప్పుకోక ఏం చేత్తావు? పౌర్ణమి నీ కోసం ఆగుద్దా?"

అరుగు మీద ఆడవాళ్ళంతా చెవులు రిక్కించి వింటున్నారు. ఒక్కరు కూడా చెయ్యి ఆపలేదు.

రెండోసారి విశాఖపట్నం వెళ్ళినప్పుడు వీరమణి సూటిగా విషయానికొచ్చింది.

"డాక్టరమ్మా, తొడుగు వేసుకుంటాను. కాకపోతే ఒక షరతు. ముందు నా తాళాన్ని ఆ తొడుగులోకి ఎక్కించి మీరు వేసుకోండి. పారెయ్యబోయే సరుకేమిటో పారేసేవాళ్ళకి తెలియాలి కదా. ఆ పెడన పెద్దాయన గుండీలు చూశారా మీరు?"

మహిత ఈసారి చాలాసేపే ఆగింది. చూసింది. చూసి తల తిప్పుకున్న సంగతి ఆవిడ మొహంలోనే తెలుస్తోంది.

"మా అమ్మ హోటల్లో అంట్లు తోమేది," అంది చివరికి. "వేలిముద్ర పడక రెండేళ్ళు మాకు బియ్యం రాలేదు. అలాంటివాళ్ళ కోసమే గిన్నె చేశాను వీరమణి గారూ. సరే, వేసుకుంటాను. తీసేస్తే నా చెయ్యి దాని దారికి అదే వెళ్ళిపోతుంది."

అక్కడే ఆవిడ పొరబడింది. ఉత్తినే తొడుగు వేసుకుని కూచుని ఉంటే వెళ్ళిపోయేదేమో. వీరమణి ఊరుకునే రకమా? చేతికి తొడుగుంది, తాళముంది, ఖాళీగా ఎందుకని సూదీ దారం ఇచ్చింది. ఎదురుగా కూచుని గుడ్డ రెండో చివర తను పట్టుకుంది. మొదటి వారం మహిత అతికిన ప్రతి వరసా ముడతపడింది. "లాగుతున్నారు గానీ వదలట్లేదమ్మా. రెండు లాగి ఒకటి వదలాలి. ఆ వదిలేదే పని," అని వీరమణి విప్పేసి మళ్ళీ మొదలుపెట్టించేది. ఎనిమిదో రోజున మహిత మాటల్లో పడి చేతివైపు చూడకుండానే రెండు వరసలు అతికింది. పదహారో రోజున ఇద్దరి దారాలూ గుడ్డ నడుమ కలిశాయి. మహిత గుడ్డని బల్లమీద పరిచి అరచేత్తో నిమిరింది. ఎక్కడా ముడత లేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"దీన్నా నేను లోపమన్నాను?" అంది.

ఆ సంతోషంలో ఇద్దరూ టీ తాగడానికి కాంటీనుకి వెళ్ళారు. మహిత గిన్నెలో చెయ్యి పెట్టింది.

"పెచ్చెట్టి వీరమణి గారూ, మీ ఖాతా నిలిపివేయబడింది," అంది గిన్నె, కాంటీనంతా వినపడేలా.

మహిత మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. ప్రయోగశాల తలుపు దగ్గరికెళ్తే బయటివారికి ప్రవేశం లేదంది. సాయంత్రానికి ఆవిడ ఫ్లాటు తలుపు తెరుచుకోలేదు. మర్నాడు జీతం ఆగింది. ఫిర్యాదు పెడితే గంటలో జవాబొచ్చింది: సరిచూశాం. సరిగానే ఉంది. వీరమణి రిపోర్టులో మారుపేర్ల వరసలో పన్నెండోది చేరింది: డాక్టర్ మహిత.

వీరమణి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, మహిత మొహం చూసి ఆపేసింది. ఆ ఊళ్ళో మహిత చేతికి తెరుచుకునే తలుపు ఒక్కటే మిగిలింది, అది వీరమణికి ఇచ్చిన అతిథిగది. నాలుగు రోజులు ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. సూరిబాబు పంపిన డబ్బులతో వీరమణే ఇద్దరికీ వండింది. మహిత తాను రాసిన ప్రోగ్రాముకే ఉత్తరం మీద ఉత్తరం రాస్తూ కూచుంది. చేతివ్రాత కూడా మారిపోయింది పాపం.

"తొడుగుతో నా పాత తాళం మళ్ళీ ఎక్కించుకోవచ్చు. దాచే ఉంచాను," అంది మూడో రోజున. "కానీ ఎక్కించుకోను. ముందు దినకర్ గారి దగ్గరికి ఈ చేత్తోనే వెళ్తాను."

"అదీ మాట!" అంది వీరమణి. పౌర్ణమి ఇంకా ఆరు రోజులుంది.

దినకర్ ఆ సంస్థకి పెద్ద. అద్దాల గదిలో పొడుగాటి బల్ల, దాని మధ్య వెండిరంగు గిన్నె. వీరమణికి కుర్చీ చూపించి, మహితని పలకరించి, తొందరగా ముగించాలన్నట్టు మొదలుపెట్టాడు.

"వీరమణి గారూ, మీరు సవరణ పూర్తి చేసుకోలేదని తెలిసింది. ఇవాళ మొదలుపెడితే—"

"దానికి ముందు ఇది చూడండి సార్," అని మహిత గిన్నెలో చెయ్యి పెట్టింది.

పన్నెండు అంకెల తర్వాత గిన్నె వీరమణి పేరు చెప్పింది. అప్పులు చదివింది. ఎగవేత అంది. మోసం అనుమానం అంది.

"ఉంగుటూరు కోళ్ళఫారం నాదేనట సార్," అంది మహిత. "అమలాపురం స్కూటరూ నాదే. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యాలి మీరు. నామీద కేసు పెట్టాలి."

దినకర్ చిరాగ్గా చెయ్యి ఊపాడు. "ఏమిటిది మహితా! నువ్వెవరో నాకు తెలియదా? పన్నెండేళ్ళుగా చూస్తున్నాను నిన్ను. గిన్నె పొరబడింది, అంతే."

వీరమణి కుర్చీలోంచి లేచింది.

"ఇంకొక్కసారి అనండయ్యా ఆ మాట."

దినకర్‌కి అప్పుడు తెలిసింది తనేమన్నాడో.

"ఆవిడది వేరే పరిస్థితి. తొడుగు వల్ల వచ్చింది."

"మాది సంతోషమ్మగారి వల్ల వచ్చింది. తేడా ఏంటండి? ఈవిడకి పదహారు రోజులు పట్టింది, మాకు పదహారేళ్ళు పట్టింది. ఈవిడ తమకి తెలిసిన మనిషి కాబట్టి యంత్రం పొరబడింది. నేను తెలియని మనిషిని కాబట్టి నా చెయ్యి పొరబడింది. అంతేనా? నన్ను కూడా పన్నెండేళ్ళుగా చూసినవాళ్ళున్నారండి నరసాపురంలో! ఒక్కర్నడిగారా? నాలుగు నెలల్లో మీరడిగింది ఈ గిన్నెనొక్కదాన్నే!"

వీరమణి బల్లమీది గిన్నెని వేలెత్తి చూపించింది.

దినకర్ మెత్తగా బేరానికి దిగాడు. "చూడండమ్మా. మీ ఒక్కరి రిపోర్టు ఇవాళే శుభ్రం చేయిస్తాను. తొడుగు అక్కర్లేదు. ఇల్లు కొనుక్కోండి. ఈ సంగతి మాత్రం ఇక్కడితో వదిలేద్దాం."

ఇల్లు. అరుగు. ఆ మాట వినడానికే కదా ఇన్నాళ్ళూ కాళ్ళరిగేలా తిరిగింది. ఊఁ అంటే చాలు, ఎల్లుండి రిజిస్ట్రేషను. మిగతా పదకొండు మందీ దొంగల్లా మిగిలిపోతారు. ఉంగుటూరు గుమ్మంలో నించున్న ఎస్తేరు కళ్ళముందుకొచ్చింది.

"మా పన్నెండు మంది రిపోర్టులూ దిద్దాలి," అంది. "ఎవరి అప్పు వాళ్ళది, ఎవరి పేరు వాళ్ళది. తప్పు గిన్నెదని కాగితం మీద రాయాలి. మారుపేర్లన్న మాట కొట్టెయ్యాలి. కాదంటే, ఈ డాక్టరమ్మకి నేర్పినట్టే ఊరంతా కూచోబెట్టి నేర్పుతాను. పైసా తీసుకోకుండా నేర్పుతాను. తొడుగులు కూడా అక్కర్లేదు, కొంచెం ఆలస్యమవుతుంది అంతే. మా జిల్లాలో మీ గిన్నెకి ఒక్క మనిషే మిగులుతుంది. ఆ ఒక్క మనిషికి అప్పులిచ్చుకోండి."

"తొడుగు మూలంగా నష్టపోయినవాళ్ళ సంగతి కూడా రాయాలి," అంది మహిత. "లక్ష్మణస్వామి గారి పాత తాళం మా దగ్గర లేదు. అప్పట్లో దాచేవాళ్ళం కాదు." ఆ చివరి మాట అంటూ తలదించుకుంది.

వీరమణి ఆవిడవైపు ఆశ్చర్యంగా చూసింది. "ఎందుకు లేదమ్మా? వాళ్ళ తమ్ముడి చేతిలో ఉంది కదా! ఇద్దరి చెయ్యీ ఒకటేనని మీ గిన్నేగా చెప్పింది!"

మహిత పెద్దగా నవ్వేసింది, కళ్ళు తుడుచుకుంటూ. దినకర్ ఆవిడనీ, వీరమణినీ, మధ్యలో గిన్నెనీ మార్చి మార్చి చూశాడు. తన దగ్గర పన్నెండేళ్ళు పనిచేసిన మనిషి ఇక తనవైపు లేదని ఆ నవ్వుతోనే ఆయనకి అర్థమైంది.

ముందు బ్యాంకుకి ఫోను చేయించింది వీరమణి, తన ఎదురుగానే. దిద్దిన కాగితం సోమవారంలోగా తెస్తే అప్పు మంజూరు చేస్తామని నరసాపురం మేనేజరు చెప్పాడు. ఆ తర్వాత దినకర్ టైపు చేయించడానికి మనిషిని పిలిచాడు. తప్పు యంత్రానిది అన్న మాట దగ్గర ఆయన మూడుసార్లు ఆగాడు. మూడుసార్లూ వీరమణి గట్టిగా అందించింది.

"ఇప్పుడు పేర్లు చెప్పండి," అన్నాడు టైపు చేసే మనిషి.

"రాయి బాబూ. మొదటిది కడలి ఎస్తేరు. కోళ్ళకి తెగులొచ్చి అప్పు నిలిచింది, మోసం లేదు, గడువివ్వాలి అని కూడా రాయి. తర్వాత జ్ఞానమణి..."

పన్నెండు పేర్లూ అయ్యాయి. పదమూడోదిగా మహిత తన పేరు చెప్పుకుంది, పెడన పెద్దాయన సంగతి దగ్గరుండి రాయించింది. కాగితం వచ్చింది. వీరమణి మొదటినించి చివరిదాకా వేలు పెట్టి చదువుకుంది. దినకర్ సంతకం చేసి, అలవాటు కొద్దీ గిన్నెని ఆవిడ ముందుకి జరిపాడు.

"ఒప్పుకున్నట్టు ఒకసారి ఇందులో చెయ్యి పెట్టండమ్మా."

వీరమణి రెండు చేతులూ వెనక్కి తీసుకుని కట్టుకుంది.

"పెన్నివ్వండి," అంది. "నా పేరు నేను రాసుకుంటాను."